సన్నాసమ్మ బొటనవేలు

మా ప్లీడరు బాబుగారి మనవరాలు సింధు మొన్న ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. "మామ్మా, చూడు. నేను పని చెయ్యబోయేది వీళ్ళ దగ్గరే" అంది.

చూసేను. యూరప్‌లో లక్సెంబర్గ్ అని ఓ బుల్లి దేశం ఉందిట. మన జిల్లా కంటే చిన్నదిట, వీధి వీధికీ బ్యాంకులేనట. ఆ బ్యాంకుల్లో పని చేసేవాళ్ళకీ, పని ఇచ్చేవాళ్ళకీ తగువులొస్తే చూసే ప్లీడర్ల ఆఫీసులు ఆ ఫోన్లో కనబడుతున్నవి. మొదటి వరసలో ఎవరు, రెండో వరసలో ఎవరు అని పట్టీ కట్టి పెట్టేరు. అందరూ కోట్లు వేసుకుని, చేతులు కట్టుకుని నవ్వుతున్నారు. మా పిల్ల విశాఖపట్నంలోనే కూర్చుని కంప్యూటర్లో వాళ్ళ కాగితాలు చూస్తుందిట. ఒప్పందాల మీద సంతకాలు సరిగ్గా ఉన్నాయా లేవా అని చూడ్డం దాని పని.

"ఈ వరసలు ఎవరు కట్టేరే? పని పోయినవాళ్ళా, పని పీకినవాళ్ళా?" అన్నాను.

"ఏమో మామ్మా. పుస్తకం వేసేవాళ్ళెవరో."

"పని పోయినవాళ్ళని అడిగితే వరస మారుతుందేమో కనుక్కో."

అది నవ్వింది. నవ్వి, ఫోను ఒళ్ళో పెట్టుకుని, "భయంగా ఉంది మామ్మా. సంతకాలు చూడ్డమే కదా, అదేం పని అంటున్నారందరూ. ఒకటి తప్పుపోతే ఏమవుతుంది?" అని అడిగింది.

నేను ఏడో తరగతి వరకు చదివేను, అదీ పరీక్ష రాయలేదు. కానీ అనకాపల్లిలో కార్మికుల కేసులు చూసే ఈ బాబుగారి ఆఫీసులో ముప్పై ఏళ్ళు పైచిలుకు గుమాస్తాగా చేసేను. సంతకం ఒక్కటి తప్పుపోతే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకని ఇది రాస్తున్నాను. అక్షరాలు సింధు దిద్దింది. మాటలు మాత్రం ముట్టుకోవద్దన్నాను.

ఆఫీసులో నా పని

నేను మొదట వచ్చింది వంటకి. బాబుగారి తల్లిగారు మంచాన పడ్డ రోజులు. వీధి వైపు గది ఆఫీసు, వెనక వంటిల్లు. గోడ పల్చన, మాటలన్నీ వినబడేవి. ఓ రోజు ఆయన ఏదో వాయిదా ఎప్పుడో మర్చిపోయి కాగితాలన్నీ తిరగేస్తూ కేకలేస్తుంటే, వంటింటి గుమ్మంలోంచి చెప్పేను. "పద్నాలుగో తారీకండి, మంగళవారం. కళాసీల కేసు."

"నీకెలా తెలుసు?"

"మొన్న మీరే వాళ్ళతో అన్నారు కదండీ."

ఆయన తారీకు రాసుకున్నారు. ఆ నెలలోనే వంటకి వేరే మనిషిని పెట్టుకుని, నన్ను ఆఫీసులో కూర్చోబెట్టేరు.

గుమాస్తా పనంటే కాగితాలు కుట్టడం, బస్సెక్కి విశాఖపట్నం లేబరు కోర్టుకి పట్టుకెళ్ళడం అనుకుంటారు. అది సగం. మిగతా సగం, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం. పని పోయిన మనిషి తొందరగా కూర్చోడు. గుమ్మం పట్టుకుని నిలబడతాడు. మంచినీళ్ళిచ్చి, ఏ ఊరు, ఏ వీధి, మీ ఇంటి పేరేటి అని అడిగి, అప్పుడు కూర్చోబెట్టాలి. చెప్పడం కూడా తిన్నగా చెప్పరు. బెల్లం మార్కెట్లో బరువులు మోసే కళాసీ ఒకాయన గంటసేపు మేస్త్రీని తిట్టేడు. లేచి చెప్పులేసుకుంటూ, "కాలి మీద బెల్లం దిమ్మ పడ్డ రోజు నుంచీ రావద్దన్నారండి" అన్నాడు. అసలు కేసు అదే. నేను నేర్చుకున్నది ఏటంటే, కూర్చున్నప్పుడు చెప్పింది బాబుగారికి, చెప్పులేసుకున్నప్పుడు చెప్పింది నాకు.

బాబుగారి గురించి కూడా ఉన్నదున్నట్టు రాస్తాను. దొడ్డ మనిషి. కోపిష్ఠి. కాగితాన్ని నమ్మినంతగా మనిషిని నమ్మేవారు కాదు. కాగితం శుభ్రంగా ఉండాలి ఆయనకి. నాకు అంతకంటే ఎక్కువ. ఆ శుభ్రమే నా కొంప ముంచింది.

ముద్రలు

చదువు రానివాళ్ళ చేత వేలిముద్రలు వేయించడం నా చేతి పని. ఎడమ బొటనవేలు మనం పట్టుకోవాలి. ప్యాడు మీద అద్ది, కాగితం మీద ఒక అంచు నుంచి రెండో అంచుకి దొర్లించాలి. నొక్కకూడదు. నొక్కితే గీతలు పోయి మరక పడుతుంది. మరక పడ్డ కాగితం కోర్టు ఆఫీసులో తీసుకునేవారు కాదు. బెంచి గుమాస్తా నా కాగితాలు మాత్రం చూడకుండానే ముద్ర కొట్టేవాడు. "నూకరత్నం గారు తెచ్చిందా, ఇంకేటి చూసేది" అనేవాడు. ఆ మాటకి నేను ఉబ్బిపోయేదాన్ని.

కాగితం వెనక్కి వస్తే మనిషి మళ్ళీ రావాలి. నాతవరం నుంచో, రోలుగుంట నుంచో రావాలంటే రెండు బండ్లు మారాలి, ఆ రోజు కూలి పోతుంది. ఒకసారి వణుకుడు చేతుల ముసలాయన ముద్ర పడలేదు. ఇంకోసారి పురిటి మంచం మీదున్న ఆమె రాలేకపోయింది. రెండుసార్లూ నా బొటనవేలే అద్ది వేసేను. పాపం అనుకునే వేసేను. ఎవరూ కనిపెట్టలేదు. ఎవరూ కనిపెట్టకపోతే అది తప్పులా ఉండదు, ఉపకారంలా ఉంటుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే చాలు, మిగతావి నేను రాయకపోయినా ఫర్వాలేదు.

సన్నాసమ్మ వచ్చిన రోజు

నాతవరం అవతల ఓ జీడిపిక్కల షెడ్డు ఉండేది. కాల్చిన పిక్క ఎడం చేత్తో పట్టుకుని, కుడి చేత్తో కర్రతో కొట్టి పప్పు తీస్తారు. అంతా ఆడవాళ్ళే. పెంకులో ఉండే జీడి రసం చర్మాన్ని తినేస్తుంది. చేతికి బూడిద రాసుకుంటారు గాని అది ఎంతసేపు ఆగుతుంది.

సన్నాసమ్మ పొద్దున్నే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"లోపలికి రావమ్మా, కూర్చో."

"నాను ఇక్కడే ఉంతానక్కా. సేతులు బాగోవు. ఏది ముట్టుకున్నా నల్లగైపోద్ది."

"నల్లగైతే కడుక్కుంటాం. రా."

ఎనిమిదేళ్ళ నుంచీ ఆ షెడ్డులో పిక్కలు కొడుతోంది. జ్వరం వచ్చి నాలుగు రోజులు వెళ్ళలేదు. ఐదో రోజు వెళ్తే మేనేజరు ఓ కాగితం చూపించేడుట. 'నువ్వే మానేస్తానని ముద్ర వేసిచ్చేవు, మళ్ళీ ఏటి వచ్చేవు' అన్నాడుట.

"నాను రాజీనామా రాయనేదు బాబూ" అంది బాబుగారితో. "నాకు రాతే రాదు. మా పెనిమిటి తాటిసెట్టు మీంచి పడ్డ కాడి నుంచీ మంచం మీదే ఉన్నాడు. ఇద్దరాడపిల్లలు. ఈ పని మానేత్తానని నానెందుకంతాను? నాకేటి పిచ్చా?"

"మరి ముద్ర ఎలా వచ్చిందమ్మా దాని మీద?" అని గట్టిగా అడిగేరు బాబుగారు.

బెదిరిపోయింది. లేచిపోయింది. నేను గేటు దాకా వెళ్ళేను. గేటు గడియ తీస్తూ అంది. "పన్లో సేరిన్నాడు తెల్లకాయితం మీద యేలు ఎయ్యించుకున్నారక్కా. నా ఒక్కదాని సేతే కాదు, అందరి సేతా ఎయ్యించుకుంతారు. అదేటైనా పనికొత్తాదా?"

చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చేను. బాబుగారు బల్ల మీద చరిచేరు. "అదేనమ్మా కేసు! అది చెప్పకుండా వెళ్ళిపోతావేం?"

ఆ మర్నాడే పిటిషను తయారు చేసి, ముద్ర వేయడానికి రమ్మన్నాం. బాబుగారు కోర్టుకి వెళ్ళేరు. ఆఫీసులో మేమిద్దరమే.

ఆమె బొటనవేలు నా చేతిలోకి తీసుకున్నాను. చర్మం కాలిన అట్టు అంచులా ఉంది. పగుళ్ళలో నలుపు దిగిపోయింది. అద్ది దొర్లించేను. మరక. గుడ్డతో తుడిచి మళ్ళీ వేసేను. మరక. మూడోసారి సిరా తక్కువ చేసి వేసేను. నల్లటి ముద్ద, మధ్యలో వానపాము పాకినట్టు ఒక తెల్లటి పగులు. గీత అన్నది ఒక్కటి లేదు.

సన్నాసమ్మ చూసి నవ్వింది. "నా యేలికి మొకం నేదక్కా."

"వచ్చే వారం రాగలవా? కాస్త నూనె రాసి మెత్తబడ్డాక వేద్దాం."

"వారమా? పిల్లల్ని పక్కింట్లో ఒదిలేసి వచ్చేను. కసింకోట నుంచి బండి ఎల్లిపోద్ది. నువ్వే ఏదోటి సెయ్యక్కా, నీకు తెలీనిదేటి."

ఆమె వెళ్ళిపోయింది. నేను కొత్త కాగితాలు తీసి, నా వేలు అద్ది, చక్కగా దొర్లించేను. ఎంత బాగా పడిందో! పక్కన 'సన్నాసమ్మ ఎడమ బొటనవేలి ముద్ర' అని రాసేను. మరక పడ్డ మూడు కాగితాలూ చింపి పొయ్యిలో పెట్టేను.

ఆ రాజీనామా

కోర్టు కేసులంటే వాయిదా మీద వాయిదా. రెండేళ్ళు గడిచేయి. సన్నాసమ్మ ఊళ్ళో ఊడ్పులకీ, చెరుకు నరుకుడుకీ వెళ్ళేది. పని ఉన్న రోజు తినేవారు. వాయిదాకి వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది. "అక్కా, మల్లీ పన్లోకి ఎట్టుకుంతారా?" పెట్టుకుంటారు అనేదాన్ని. ప్రతిసారీ అనేదాన్ని.

కంపెనీవాళ్ళు రాజీనామా కాగితం కోర్టులో పెట్టేరు. టైపు కొట్టింది. 'నా సొంత కారణముల వలన' అని ఉంది. కింద తారీకు ఆమెని తీసేసిన రోజుది. పక్కన వేలిముద్ర. బాబుగారు దాని నకలు చూస్తూ, "తెల్లకాగితం మీద ముందే వేయించుకున్నారని ఎలా చూపించాలో తెలీడం లేదు" అన్నారు.

తర్వాత వాయిదాకి కంపెనీ ప్లీడరు ఇంకో పిటిషను వేసేడు. ఈ రాజీనామా మీద ముద్రనీ, ఆమె కేసు పిటిషను మీద వేసిన ముద్రనీ నిపుణుడికి పంపి, రెండూ ఒకటేనని తేల్చమని.

"పంపనీ" అన్నారు బాబుగారు. "ఆవిడ వేలు కాదని మనం అనలేదుగా. దానికి మా అభ్యంతరం లేదని రాసిచ్చేద్దాం. రత్నం, కాగితం తియ్యి."

నేను కాగితం తియ్యలేదు.

"ఏవైంది?"

"ఏం లేదండి. కళ్ళు తిరిగినట్టుంది."

ఆ వారం నేను తిన్నది లేదు. నా ఎడమ బొటనవేలు నాకే కనబడకుండా కొంగులో చుట్టుకుని తిరిగేను. ఎవరు గుమ్మం ఎక్కినా నా వేలు అడగడానికి వచ్చేరనిపించేది. కూర తరుగుతూ కత్తిపీట మీద ఆ వేలు ఆగిపోయేది. అబద్ధం ఎందుకు, ఇంకో ఆలోచన కూడా వచ్చింది. నిపుణుడికి పంపితే రెండు ముద్రలూ వేరని తేలుతుంది. అప్పుడు రాజీనామా దొంగదని కొట్టేస్తారు. కేసు మనదే. నోరు మూసుకుంటే గెలుస్తాం. నా తప్పే ఆమెకి మేలు చేస్తుంది. మూడు రోజులు ఆ ఆలోచనని పాలగిన్నెలా కాపలా కాసేను.

నాలుగో రోజు సన్నాసమ్మ వచ్చింది, వాయిదా ఎప్పుడో కనుక్కోడానికి. మంచినీళ్ళ గ్లాసు అందించేను. అందుకున్న చెయ్యి చూసేను. నలుపు లేదు. పగుళ్ళు లేవు.

"సూసేవా అక్కా?" అంటూ బొటనవేలు నా కళ్ళ ముందు పెట్టింది, చంటిపిల్లకి మొదటి పన్ను వచ్చినట్టు. "పిక్కలు మానేసేక సర్మం వచ్చింది. ఇపుడు నా యేలికి మొకం ఉంది."

ఉంది. గీతలు సన్నగా, చుట్లు చుట్లుగా, ముగ్గులా ఉన్నాయి.

నకలు తీసి చూసేను. రాజీనామా మీద ముద్రలో కూడా ఆ చుట్లే, నిగనిగలాడుతూ. తారీకు మాత్రం ఆమె వేలికి గీత అన్నదే లేని రోజుది. ఎనిమిదేళ్ళు జీడి తిన్న వేలు ఆ రోజున అలా పడదు. పడదని నాకు తెలుసు, ఆ రెండు మూడు రోజులకే మూడుసార్లు వేయించి చూసేను కదా. ఆ ముద్ర పనిలో చేరిన రోజుదే. తెల్లకాగితం మీద వేయించుకున్నారనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కానీ ఇప్పుడు వేలు బాగుపడిపోయింది. కోర్టులో కొత్తగా వేయమంటే చక్కగా పడుతుంది, రాజీనామా మీద దానితో అతుక్కుపోతుంది. అప్పటి వేలు ఎలా ఉండేదో చూపించేవి నాకు తెలిసి లోకంలో మూడే మూడు కాగితాలు. వాటిని మరక పడ్డాయని పొయ్యిలో పెట్టేను.

చెప్పడం

మర్నాడు పొద్దున్న బాబుగారు కాఫీ తాగి పేపరు తీస్తుంటే ఎదురుగా నిలబడ్డాను. కూర్చోలేదు. ముప్పై ఏళ్ళు మనుషుల్ని కూర్చోబెట్టిన దాన్ని, ఆ రోజు గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"బాబుగారూ, సన్నాసమ్మ పిటిషను మీద ముద్ర సన్నాసమ్మది కాదండి."

పేపరు దించేరు. "ఎవరిది?"

"నాదేనండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేరు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. అది ఇంకా భయం. మొత్తం చెప్పేను. మరకలు, పొయ్యి, బాగుపడ్డ వేలు, అన్నీ. నిపుణుడికి పంపితే నోరు మూసుకుని గెలవొచ్చని అనుకున్నానని కూడా చెప్పేను.

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అన్నారు. "ఇప్పుడు నువ్వు చెప్తుంటే నేనూ అదే అనుకున్నాను. అనుకున్నందుకే చేతులు చల్లబడ్డాయి."

నిపుణుడి పిటిషనుకి గడువు అడిగి, తర్వాత ఆయన చెయ్యగలిగిందంతా చేసేరు. షెడ్డులో జీతాల పుస్తకం మీద నెల నెలా ఆడవాళ్ళ ముద్రలు ఉంటాయి కదా, అది తెప్పించమని అడిగేరు. వానకి కప్పు కారి తడిసిపోయిందని జవాబు వచ్చింది. ఆయనే షేర్ ఆటో ఎక్కి ఊరెళ్ళి, ఇప్పుడు పనిచేస్తున్న ఆడవాళ్ళని వచ్చి వేళ్ళు చూపించమని అడిగేరు. ఒక్కరూ రాలేదు. "మా యేళ్ళు సూపిత్తే మా పని పోద్ది బాబూ" అని తలుపులేసుకున్నారుట. నేను వాళ్ళని తప్పు పట్టను. వాళ్ళకీ ఇంట్లో మంచాలున్నాయి, పిల్లలున్నారు.

తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ అన్నారు. "ఆ వేలు అప్పుడు ఎలా ఉందో చూసిన మనిషివి నువ్వొక్కత్తివే రత్నం."

"అవునండి."

"బోనెక్కితే నీ తప్పుతో మొదలెట్టాలి. నా పేరూ పోతుంది. పోనీ. కానీ జడ్జిగారు నీమీద కేసు పెట్టమంటే నేను ఆపలేను."

"నాకు తెలుసండి."

"భయం లేదూ?"

"ఉందండి. చాలా ఉంది" అన్నాను. ఉన్న మాటే.

బోనులో

ముప్పై ఏళ్ళు ఆ కోర్టులో కాగితాలు అందించేను గాని, బోను అంత ఎత్తని ఎప్పుడూ అనుకోలేదు. ప్రమాణం చేసేను. బాబుగారు అడిగేరు, నేను చెప్పేను. పిటిషను మీద ముద్ర నాదే అనేసరికి కోర్టంతా కదిలింది. బెంచి గుమాస్తా తల ఎత్తి చూసేడు. నా కాగితాలు చూడకుండా ముద్ర కొట్టినవాడు.

కంపెనీ ప్లీడరు లేచేడు. చిన్న వయసు, గొంతు మెత్తన.

"ఏమ్మా, ఏం చదువుకున్నారు?"

"ఏడు. అదీ పూర్తిగా కాదండి."

"ఇలా దొంగ ముద్రలు ఇంతవరకు ఎన్ని వేసేరు?"

బాబుగారు నాకేసి చూసేరు. ముందు వేసిన ఆ రెండు ముద్రల సంగతీ ఆయనకి నేను చెప్పలేదు. ఒక్కటేనని చెప్పొచ్చు. ఎవరికీ తెలీదు.

"ఇది మూడోదండి."

ఏ కేసులో, ఎవరిది, ఎందుకు వేసేనో, ఆ రోజు ఏ వారమో అన్నీ చెప్పేను. బాబుగారు తల దించుకున్నారు. ఆ తల దించుకోవడం నేను ఇప్పటికీ మర్చిపోలేను.

"అంటే దొంగపని మీకు అలవాటే. అలాంటి మీరు, ఎవరూ చూడని మూడు కాగితాల గురించి చెప్తే మేము నమ్మాలా?"

"నమ్మకండి బాబూ" అన్నాను. "కానీ ఒకటి అడుగుతాను. ఆమె వేలు చక్కగా పడి ఉంటే నేను నాది ఎందుకు వేస్తాను? ఆమె ఎదురుగా కూర్చుని ఉంది. వేలు ఆమె చేతికే ఉంది. పడలేదు కాబట్టే కదా నాకు ఈ గతి పట్టింది."

ఆయన ఇంకేదో అడగబోయేడు. జడ్జిగారు చెయ్యి ఎత్తి ఆపేరు. ఆయనే అడిగేరు. "ఎలా పడింది ఆమె ముద్ర? చెప్పమ్మా."

చెప్పేను. నల్లటి ముద్ద, వానపాములాంటి పగులు, నా యేలికి మొకం నేదని ఆమె నవ్వడం. నా వేలు అక్కడే కాగితం మీద వేయించి, పిటిషను మీద దానితో భూతద్దం పెట్టి చూసేరు. సన్నాసమ్మ చేత కూడా వేయించేరు. చక్కగా పడింది, రాజీనామా మీద ఉన్నట్టే. కంపెనీవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు.

జడ్జిగారు మేనేజరుని బోనెక్కించి రెండే ప్రశ్నలు అడిగేరు. "ఈమె ఎనిమిదేళ్ళు పిక్కలు కొట్టింది. అవునా?" అవునన్నాడు. "అక్కడ పిక్కలు కొట్టే ఏ మనిషి వేలైనా ఇలా శుభ్రంగా ముద్ర పడుతుందా?" మేనేజరు తన ప్లీడరు వైపు చూసేడు. ప్లీడరు కాగితాల వైపు చూసేడు.

తీర్పు

తీర్పు రోజున సన్నాసమ్మ నా పక్కనే బల్ల మీద కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది.

పనిలోకి తిరిగి తీసుకోవాలన్నారు. సర్వీసు కలపాలన్నారు. కానీ మధ్యలో పోయిన రెండేళ్ళ జీతం ఇవ్వనక్కర్లేదన్నారు. పిటిషనులోనే దొంగ ముద్ర ఉంది కాబట్టి, ఆమె వైపు నుంచి కూడా కోర్టుకి శుభ్రంగా రాలేదు కాబట్టి అని రాసేరు. నన్ను నిలబెట్టి గట్టిగా మందలించి, ఇంకోసారి జరిగితే వదలనన్నారు. బాబుగారు అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నారు.

బయటికొచ్చేక సన్నాసమ్మకి అర్థమయ్యేలా చెప్పేను. పని వచ్చింది, పాత జీతం పోయింది, అది నా వల్ల పోయింది అని. ఆమె మెట్ల మీద కూర్చుంది.

"రెండేళ్ళు నీ యేలు తినేసిందన్నమాట" అంది.

"అవునమ్మా."

"పన్లోకి ఎట్టింది కూడా నీ నోరే కదా." కొంగు దులుపుకుని లేచింది. "పద, బండెల్లిపోద్ది."

తిట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఏడాది పాటు బాబుగారు నా చేతికి స్టాంపు ప్యాడు ఇవ్వలేదు. ముద్రలు ఆయనే వేయించేవారు. అన్నీ మరకలే పడేవి. వాటినే పట్టుకెళ్ళి, "పడింది ఇలాగే, తీసుకుంటారా, కాదని రాసిస్తారా" అని బెంచి గుమాస్తాతో పోట్లాడేవారు. కొన్నాళ్ళకి వాళ్ళు తీసుకోవడం మొదలెట్టేరు. ఇది మొదటి నుంచీ చెయ్యాల్సిన పని. నేను ఒక్కసారైనా పోట్లాడలేదు. మెప్పు పోతుందని.

సింధూ, నువ్వు కంప్యూటర్లో చూసే సంతకాలు శుభ్రంగానే ఉంటాయి. శుభ్రంగా ఉన్నదాన్ని చూసి తొందరగా కింద పెట్టెయ్యకు. ఎప్పుడు పెట్టేరు, ఎవరెదురుగా పెట్టేరు, పెట్టినప్పుడు పైన రాత ఉందా, అని అడుగు. విసుక్కుంటారు. విసుక్కోనీ.

ప్యాడు నా చేతికి తిరిగొచ్చిన కొన్నాళ్ళకి సన్నాసమ్మ వచ్చింది. షెడ్డులో ఇంకో ఆమెని తీసేసేరు. ఆమె తరఫున సాక్ష్యం చెప్తానని, కాగితం రాయించుకోడానికి వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర నిలబడలేదు. తిన్నగా వచ్చి కుర్చీలో కూర్చుంది. రాసింది మొత్తం చదివి వినిపించేను. ఊఁ కొట్టింది. ఎడమ బొటనవేలు నా చేతిలో పెట్టింది.

మళ్ళీ నల్లబడింది. పగుళ్ళు తేలేయి. అద్ది, దొర్లించేను. ముద్ద. ఒక్క గీత లేదు.

సన్నాసమ్మ కాగితం మీదకి వంగి చూసి, నా మొహం కేసి చూసింది.

"పడనేదక్కా. మల్లీ ఎయ్యనా?"

"వద్దమ్మా" అన్నాను. సిరా ఆరేదాకా ఊది, ఆ మరక పక్కనే రాసేను. సన్నాసమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.